ముద్దాయి వయసు నాలుగేళ్లు

ముద్దాయి వయసు నాలుగేళ్ల మూడు నెలలు. పొడుగు మూడడుగుల చిల్లర. చదువు ఎల్‌కేజీ, సెక్షన్ బి. నేరాల చిట్టా మాత్రం మూరెడుంది. ఆరింటికి లేపితే లేవలేదు. లేచాక సోఫాలోకి వెళ్లి మళ్లీ పడుకున్నాడు. బ్రష్షు నోట్లో పెట్టుకుని కుళాయి వంక చూస్తూ నిలబడ్డాడు. ఏంట్రా అంటే ఈ నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయని ఎదురు ప్రశ్న వేశాడు. ఇడ్లీ ముక్క బుగ్గన దాచి మింగకుండా కాలక్షేపం చేశాడు. ఎడమ బూటు కుడికాలికి తొడుక్కుని అదే కరెక్టని వాదించాడు. అన్నిటికీ మించి, వీధి చివర బస్సు హారన్ మోగాక తాపీగా "అమ్మా, ఆయి" అన్నాడు. ఈ ఆఖరి నేరానికి బెయిలు కూడా లేదు.

విచారణ ఉండదు. శిక్ష అక్కడికక్కడే. వీపు మీద ఒకటి, చెవులు చిల్లులు పడే కేక ఒకటి, ఆపైన తీర్పు: "నీ వల్లే రోజూ లేటు!" నానమ్మ దగ్గర అప్పీలు చేసుకోవచ్చు గానీ ఆ కోర్టు అధికారాలు ఎప్పుడో పీకేశారు. ఆవిడ "పసివాణ్ణి ఎందుకమ్మాయ్ అంత హింస పెడతారు" అంటే, "మీరు ఊరుకోండత్తయ్యా, మీ కాలం వేరు" అని కోడలు కొట్టేస్తుంది. కళ్ల నీళ్లతో, నోట్లో ఇడ్లీతో, మెడలో ఐడీ కార్డుతో ముద్దాయిని బస్సెక్కించేస్తారు. కిటికీలోంచి చెయ్యి ఊపమని కూడా అడుగుతారు. ఊపకపోతే అదింకో కేసు.

మియాపూర్‌లోనూ, విజయవాడ పటమటలోనూ, విశాఖ మధురవాడలోనూ వారానికి ఆరు రోజులు ఈ కోర్టు కూర్చుంటుంది. రాత్రి పదకొండు దాకా టీవీ మోగించినవాళ్లు ఈ కేసులో సాక్షులు. బస్సుని తెల్లారకుండా పంపినవాళ్లు గౌరవనీయులు. పడుకోబోయే ముందు వాట్సాప్‌లో ఆజ్ఞలు జారీ చేసినవాళ్లు విద్యావేత్తలు. కుట్రలో ఏ పాత్రా లేనివాడు ఒక్కడే, బోనులో నిలబడ్డవాడూ వాడొక్కడే.

ఈ కేసుల మీద బతికే వకీళ్లు కూడా తయారయ్యారు. వాళ్లని పేరెంటింగ్ కోచ్‌లంటారు. ఫోను తెరిస్తే చాలు, "స్కూలు ఉదయం సాఫీగా సాగాలంటే ఏడు సూత్రాలు" అంటూ ప్రత్యక్షమవుతారు. తెల్లటి వంటగది, తెల్లటి కుర్తీలో తల్లి, గోడకి లామినేషన్ చేయించిన బొమ్మల చార్టు. లేవడం, పళ్లు తోముకోవడం, స్నానం, టిఫిను, బూట్లు. ఒక్కో పని కాగానే పిల్లాడు నవ్వుకుంటూ వచ్చి నక్షత్రం అంటిస్తాడు. ఆ వంటింట్లో కుక్కరు కూత పెట్టదు. పాలు పొంగవు. పనమ్మాయి ఈ పూట రానని ఫోను చేయదు. మంజీరా నీళ్లు సరిగ్గా ఆరింటికి వచ్చి, బిందె నిండేలోపు ఆగిపోవు. ఆ ఇంట్లో ఎంత వెతికినా తండ్రి కనపడడు. వీడియో తీస్తున్నది ఆయనే కాబోలు.

సూత్రాలు ఏడైనా డెబ్బై అయినా పిండితే వచ్చే రసం ఒకటే: తల్లి గంట ముందు లేవాలి. లేచి గోరువెచ్చటి నీళ్లలో నిమ్మరసం తాగాలి. పదిహేను నిమిషాలు ధ్యానం చేయాలి. మనసులో మాటలు ఒక పుస్తకంలో రాసుకోవాలి. కాస్త వ్యాయామం చేయాలి. అప్పుడు చిరునవ్వుతో పిల్లల్ని లేపాలి. ఈ సలహాలన్నీ వరసగా పాటించుకుంటూ పోతే ఆవిడ రాత్రి పడుకోవడమే దండగ. అంట్లు తోమేసి అలాగే కూర్చుంటే ధ్యానం వేళ అవుతుంది.

చార్టు పాపం మంచిదే. చదవడం రాని పిల్లలకి, దీని తర్వాత ఏమిటో బొమ్మ చూపిస్తే తెలుస్తుంది, అరవాల్సిన అవసరం కొంత తగ్గుతుంది. కానీ మన ఇళ్లలో చార్టుకి పట్టే గతి వేరు. వారం తిరిగేసరికి నక్షత్రాలు ఫ్రిజ్ మీద, నానమ్మ కళ్లజోడు పెట్టె మీద, చంటి తమ్ముడి నుదుటి మీద వెలుస్తాయి. రెండో వారంలో, నక్షత్రానికి బదులు చాక్లెట్ ఇస్తేనే స్నానమని ముద్దాయి బేరం పెడతాడు. మూడో వారంలో చార్టు వెనకవైపు పాలవాడి లెక్కలుంటాయి.

ఇంతకీ తండ్రి. ఆయన ఆరున్నరకి లేస్తాడు. లేచి ఫోను చూస్తాడు. అమెరికాలో రాత్రి ఏం జరిగిందో, ఐపీఎల్లో ఎవరు పోయారో తెలుసుకుంటాడు. బస్సుకి అయిదు నిమిషాలుందనగా హాల్లోకి వచ్చి, ఆ రోజుకి తన వంతు సేవగా ఒక ప్రశ్న అడుగుతాడు.

"ఏంటి, వీడింకా రెడీ కాలేదా?"

"మీరొచ్చి ఆ ఒక్క బూటూ తొడగండి."

"నాకు కాల్ ఉంది."

ఇది నేను కడుపుమంటతో అల్లిన కథ అనుకునేవాళ్ల కోసం సర్కారువారి లెక్కే ఉంది. 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా ఎవరి సమయం దేనికి ఖర్చవుతోందో సర్వే చేసింది. జీతం రాని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్లు 97. ఫరవాలేదే, గంటన్నర చేస్తున్నారే అని భుజాలు తడుముకోవద్దు. ఆ 97 నిమిషాలు అసలంటూ ఇంటిపనిలో చెయ్యి పెట్టిన మగవాళ్ల సగటు. అలా చెయ్యి పెట్టినవాళ్లు నూటికి 26 మంది. మిగతా 74 మందికీ కాల్ ఉంది.

ఇప్పుడు బస్సు సంగతి. బడి మూడు కిలోమీటర్లు. గంట కొట్టేది 8.15కి. వీధి చివర బస్సు ఆగేది 6.50కి. మూడు కిలోమీటర్లకి గంటా పాతిక నిమిషాలు ఎందుకని ఎవరూ అడగరు. బస్సు ఒకటే, ట్రిప్పులు రెండు. మొదటి ట్రిప్పులో మన కాలనీల పిల్లల్ని బడి దగ్గర దింపేసి, రెండో ట్రిప్పుకి ఊరికి అటుపక్క పోవాలి. మొదటి స్టాపులో ఎక్కిన ఎల్‌కేజీ పిల్లాడు వీధులన్నీ ప్రదక్షిణ చేసి, బడికి చేరి, గంట కొట్టేదాకా ఆయా కాపలాలో బల్ల మీద తల పెట్టుకుని కూర్చుంటాడు. ఇంకో బస్సు కొనాలంటే లక్షలు పెట్టాలి. దాని వెనక డీజిలు, డ్రైవరు, ఆయా, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు. పిల్లాడి నిద్రకి పైసా ఖర్చు లేదు, ఊరికే దొరుకుతుంది. కనక యాజమాన్యం రెండో బస్సు బదులు పిల్లల నిద్రని నడుపుతోంది. పైగా ట్రాన్స్‌పోర్టు ఫీజు విడిగా కడతాం.

ఆ నిద్ర ఎంతుండాలో తెలియనిదేం కాదు. మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకి పగటి కునుకుతో కలిపి రోజుకి 10 నుంచి 13 గంటలు కావాలని అమెరికా నిద్ర వైద్యుల అకాడమీ 2016లో చెప్పింది. మూడు నాలుగేళ్లవాళ్లకి అదే అంకెని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఎల్‌కేజీలో పగటి కునుకు ఎటూ లేదు, కునికితే డైరీలో ఎర్ర ఇంకుతో నోటు వస్తుంది. కాబట్టి ఆరింటికి లేవాల్సినవాడికి కనీసం పది గంటలు దక్కాలంటే రాత్రి ఎనిమిదికల్లా నిద్రపోయి ఉండాలి.

ఎనిమిదింటికి మన ఇల్లు ఎలా ఉంటుందో కాస్త తొంగి చూద్దాం. అప్పుడే తండ్రి ఆఫీసు నుంచి వస్తాడు. పొద్దుట్నుంచీ కొడుకుని చూళ్లేదని ప్రేమ ముంచుకొస్తుంది. వాణ్ణి గాల్లోకి ఎగరేసి పట్టుకునే ఆట మొదలవుతుంది. తొమ్మిదింటికి కూర పొయ్యి మీద ఉంటుంది. తొమ్మిదిన్నరకి సీరియల్లో అత్తగారు విషం కలుపుతుంటుంది, ఆ ఘట్టం అయ్యేదాకా అన్నం వడ్డన లేదు. పదింటికి పిల్లాడి నోట్లో ముద్దలు పడాలంటే చేతిలో ఫోను ఉండాలి. పదిన్నరకి లైట్లార్పి "ఇక పడుకో" అంటారు. ఇంతసేపూ ఎగిరి, వెలుగు చూసి, నవ్వి ఉన్న ఒళ్లు స్విచ్చి నొక్కితే ఆగిపోయే ఫ్యానా? పదకొండున్నరకి గానీ వాడికి నిద్ర పట్టదు. ఆరింటికి మళ్లీ దుప్పటి లాగేస్తారు. ఆరున్నర గంటలు. పెద్దవాళ్లకే చాలని నిద్ర. ఆ నిద్రతో లేచినవాడు హుషారుగా లేడని, బద్ధకస్తుడని, వాళ్ల మేనమామ పోలికని నిర్ధారణ చేసేస్తారు.

పడుకునే వేళకి బడి ఊరుకుంటుందా? రాత్రి 10.40కి క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పడుతుంది. "డియర్ పేరెంట్స్, రేపు ఎల్లో డే. పిల్లలు పసుపు రంగు దుస్తుల్లో, ఒక పసుపు పచ్చటి పండుతో, ఏదైనా ఒక పసుపు వస్తువుతో రావాలి. వస్తువు గురించి ఇంగ్లీషులో రెండు వాక్యాలు చెప్పాలి." చివర నవ్వు మొహం, పొద్దుతిరుగుడు పువ్వు. ఆ క్షణాన ఇరవై అయిదు ఇళ్లలో లైట్లు మళ్లీ వెలుగుతాయి. బీరువాలు తెరుచుకుంటాయి. పసుపు చొక్కా ఉంది గానీ అది రెండేళ్ల నాటిది, బొడ్డు దాటదు. అరటిపళ్లు పొద్దున్నే దేవుడికి పెట్టేశారు. గ్రూపులో ఒక తల్లి "మేడమ్, ఆరెంజ్ ఫరవాలేదా?" అని అడుగుతుంది. ఇంకో తల్లి మూడు నిమిషాల్లో పసుపు గౌను, పసుపు రిబ్బను, పసుపు బూట్లతో కూతురి ఫొటో పెట్టి మిగతావాళ్ల గుండెల్లో నిప్పులు పోస్తుంది. చివరికి ఎవరో పెద్దావిడ పోపులపెట్టెలోంచి పసుపుకొమ్ము తీసి, "ఇంతకన్నా పసుపు ఇంకేముందర్రా" అంటుంది. ఆ ఇంట్లో ఆ రాత్రి తెలివి ఉన్నది ఆవిడకొక్కదానికే. పొద్దున్న ముద్దాయి పసుపుకొమ్ము తీసుకెళ్లనని, టీవీ రిమోటే తీసుకెళ్తానని మొండికేస్తాడు. రిమోటు నల్లగా ఉంటుందిరా అంటే, దాని మీద ఒక పసుపు బటన్ ఉందంటాడు. వాడిదే కరెక్టు. అయినా దెబ్బ పడుతుంది.

ఈ బాధ కొత్తదైతే ఏదో అనుకోవచ్చు. ఆర్.కె. నారాయణ్ తెలుసు కదా, మాల్గుడి నారాయణ్. ఆయన 'స్వామి అండ్ ఫ్రెండ్స్' 1935లో వచ్చింది, మొదలయ్యేదే సోమవారం పొద్దుటితో. యాభై ఏళ్ల తర్వాత ఆయన్ని రాజ్యసభకి నామినేట్ చేశారు. 1989లో తొలి ప్రసంగానికి లేచి దేశభద్రత గురించో విదేశాంగ విధానం గురించో మాట్లాడలేదు. చిన్నపిల్లల్ని పొద్దున్నే పక్క మీంచి లాగి, నిద్ర వదలకముందే ముస్తాబు చేసి బడికి తోసేయడం గురించి, పుస్తకాల మోతకి వంగిపోతున్న వీపుల గురించి, మెడకి టైలు, కాళ్లకి బూట్ల గురించి మాట్లాడాడు. ఆ కదలిక ఫలితంగా యశ్‌పాల్ కమిటీ వచ్చింది, 1993లో నివేదిక ఇచ్చింది. సంచీ బరువుకన్నా అర్థం కాని చదువు మోయడమే పెద్ద బరువని తేల్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. నివేదికని బీరువాలో పెట్టి తాళం వేశారు.

1989లో నారాయణ్ జాలిపడ్డ అయిదేళ్ల పిల్లాడికి ఇప్పుడు నలభై దాటాయి. బస్‌స్టాపులో కొడుకు బ్యాగు పట్టుకుని "త్వరగా నడవరా వెధవా" అంటున్నది వాడే.

చట్టాలకీ కొరత లేదు. 2020 నాటి కేంద్రం స్కూలు బ్యాగుల విధానం ప్రకారం సంచీ బరువు పిల్లల ఒంటి బరువులో పదో వంతు మించకూడదు. బడికి ముందు తరగతులకి అసలు సంచీయే ఉండకూడదు. రెండో తరగతి దాకా హోంవర్కూ ఉండకూడదు. మన ముద్దాయి బరువు పదిహేను కిలోలు. వీపు మీదున్న దాంట్లో ఏముందో సోదా చేస్తే: నాలుగు గీతల పుస్తకం, రెండు గీతల పుస్తకం, గళ్ల పుస్తకం, హోంవర్కు పుస్తకం, డైరీ, రంగుల పెట్టె, స్నాక్స్ డబ్బా, లంచ్ డబ్బా, ముప్పాతిక లీటరు నీళ్ల సీసా, నిన్నటి సగం కొరికిన జామకాయ. ఇందులో పనికొచ్చేది జామకాయ ఒక్కటే.

టై ముచ్చట చెప్పకపోతే పాపం తగుల్తుంది. జూన్ 12న బళ్లు తెరుస్తారు. రెంటచింతలలో, రామగుండంలో అప్పటికింకా రోళ్లు పగిలే ఎండలే. అందులో నాలుగేళ్లవాడి మెడకి ఎలాస్టిక్ టై, నడుముకి బడి ముద్ర ఉన్న బెల్టు, కాళ్లకి నల్ల బూట్లు. బుధవారం, శనివారం తెల్ల బూట్లు. ఆ తెల్ల బూట్లకి ముందు రోజు రాత్రి తడి సున్నం పూసే తల్లులు ఇప్పటికీ ఉన్నారు. ఆరింటి నుంచి 6.50 మధ్య ఉన్న యాభై నిమిషాల్లో ఈ వేషం కట్టడానికే సగం పోతుంది. లేసులు కట్టుకోవడం చాలామంది పిల్లలకి అయిదారేళ్లు వస్తేగానీ చేతకాదు. వెల్క్రో బూట్లు వేయించొచ్చుగా అంటే యూనిఫాం కోడ్ ఒప్పుకోదట, డిసిప్లిన్ పోతుందట. పిల్లాడి క్రమశిక్షణ పూర్తిగా ఆ రెండు దారాల మీదే వేలాడుతోంది.

ఇంత పొద్దున్నే తోలుకుపోయి ఏం ఉద్ధరిస్తున్నారయ్యా అంటే, అదీ లేదు. విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి అయిదో తరగతి దాకా ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంటుంది. పంచుకుంటే రోజుకి నాలుగు గంటలు. తొమ్మిదిన్నరకి మొదలెట్టినా మధ్యలో అన్నం పెట్టి, ఆడించి, పూర్తి చేయొచ్చు. ఎల్‌కేజీకైతే ఆ లెక్క కూడా లేదు. 2020 జాతీయ విద్యావిధానం ఒకటో తరగతికే ఆరేళ్లు నిండాలంటోంది. అంటే నాలుగేళ్లవాడి మీద చట్టానికి ఏ తొందరా లేదు. తొందరంతా బస్సుది, ఆ తర్వాత మనది.

ఇంకో రకం ఉదయం కూడా ఉంది. దాన్ని ఏ కోచూ వీడియో తీయడు. జనవరి నుంచి మార్చి దాకా గుంటూరు, ఖమ్మం వైపు మిర్చి కోతలు. కూలీల ఆటో చీకటితోనే ఊరు దాటుతుంది, అందులో అమ్మ వెళ్లిపోతుంది, చాలాసార్లు నాన్న కూడా. ఇంట్లో మిగిలిన పెద్దదిక్కు తొమ్మిదేళ్ల అక్క. అక్క లేచి, వాకిలూడ్చి, తమ్ముణ్ణి లేపుతుంది. బోరింగు దగ్గరికి తీసుకెళ్లి మొహం రుద్దుతుంది, వాడు ఏడిస్తే కొంగు లేదు కాబట్టి లంగా చెంగుతో తుడుస్తుంది. రాత్రన్నం ఉంటే ఉప్పూ మజ్జిగా కలిపి వాడికి ముందు పెడుతుంది. తలకి నూనె పెట్టి, పాపిడి తీసి, వాడి చొక్కాకి ఊడిన గుండీ దగ్గర పిన్నీసు గుచ్చుతుంది. తన జడ ఒకటే వేసుకుంటుంది, రెండోదానికి టైముండదు. తొమ్మిదింటికి ఇద్దరూ బళ్లో ప్రార్థనకి నిలబడతారు. చార్టు లేదు, నక్షత్రం లేదు. ఉదయాన్ని ఇంత సాఫీగా నడిపిన ఆ పిల్లకి బళ్లో వచ్చే బిరుదు "హోంవర్కు చేయని మొద్దు".

ఆ పిల్లలు ఉత్త కడుపుతో వస్తున్నారని ప్రభుత్వాలకి తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది. తమిళనాడు 2022 సెప్టెంబరులో బళ్లలో పొద్దుటి టిఫిను మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో రాగిజావ వచ్చింది. తెలంగాణలో ముఖ్యమంత్రి అల్పాహార పథకాన్ని 2023 అక్టోబరు 6న ప్రారంభించారు. నవంబరు 30న పోలింగు. పిల్లల ఆకలికి కూడా ఎన్నికల షెడ్యూలు ఉంటుందని అప్పుడే తెలిసింది.

సరే, తిట్టడం తేలిక, మందు చెప్పు అంటారు. చెబుతాను గానీ ఎవరికీ నచ్చదు, ఎందుకంటే అందులో కొనాల్సిందేమీ లేదు. పొద్దుటి పని రాత్రి ఏడున్నరకి మొదలవ్వాలి. స్నానం సాయంత్రమే చేయించేయండి. పొద్దున్నే తలస్నానం చేయించకపోతే సరస్వతి అలుగుతుందని శాస్త్రంలో ఎక్కడా లేదు, ఒళ్లు తుడిస్తే చాలు. ఆదివారం ఇస్త్రీ బండికి ఆరు జతలూ వేసేస్తే రోజూ పొద్దున్న ఇస్త్రీ పెట్టె కోసం పరుగులుండవు. బ్యాగు, బూట్లు, సాక్సుల జత గుమ్మం దగ్గర పెట్టి పడుకోండి. రెండో సాక్సు కోసం వెతకడంలో ఈ రాష్ట్రాలు కోల్పోతున్న పనిగంటల్ని ఆర్థిక సర్వేలో చూపించాలి. ఆరింటికి పసివాడి కడుపు పూరీకి సిద్ధంగా ఉండదు. కాస్త పెరుగన్నమో, సగం అరటిపండో చాలు. చద్దన్నం మన తాతలు తిని పొలాలు దున్నారు, మనం దానికి ఇంగ్లీషు పేరు పెట్టి హోటల్లో రెండొందలకి తింటాం గానీ పిల్లాడికి పెట్టడానికి నామోషీ.

వంటింట్లోంచి అరిస్తే పిల్లాడికి వినపడదు, వినపడినా అంటదు. దగ్గరికెళ్లి, కూర్చుని, ఒక్క పని చెప్పాలి. అయిదు పనులు గుక్కతిప్పుకోకుండా చెబితే పెద్దవాడే మర్చిపోతాడు. "అయిదు నిమిషాల్లో బస్సు" అని నాలుగేళ్లవాడికి చెప్పడం, జీఎస్టీ రిటర్ను గడువు చెప్పినట్టే. వాడికి నిమిషం తెలియదు. "ఈ పాట అయిపోయేలోపు బూట్లు" అంటే తెలుస్తుంది. పావుగంట ముందు కిటికీ పరదా తీసి, గదిలోకి వెలుతురు రానిచ్చి, పక్కన కాసేపు కూర్చుంటే వాడంతట వాడే కదులుతాడు. ఆ పావుగంట కూర్చోవాల్సింది తండ్రి. కాల్ ఉంటే పక్క గదిలోంచి మాట్లాడుకోవచ్చు, అవతలివాళ్లకీ ఇంట్లో పిల్లలున్నారు.

ఇక అసలైన చేదు గుళిక. ఇంట్లో టీవీ ఎనిమిదింటికి మూతపడాలి. పెద్దవాళ్ల ఫోన్లు పక్క గదిలో పడుకోవాలి. ఇంట్లో లైట్లు వెలుగుతుండగా పిల్లాడొక్కడూ చీకట్లో పడుకోవాలంటే ఏ పిల్లాడూ ఒప్పుకోడు. ఈ ముక్క చెప్పగానే ఇంటిల్లిపాదీ కలిసి అంటారు: "అబ్బే, వాడికి అలవాటైపోయిందండీ, లేటుగానే పడుకుంటాడు." అలవాటు చేసింది ఎదురింటివాళ్లు కాబోలు.

ఇదంతా చేసినా 6.50 బస్సు 6.50కే వస్తుంది. ఇంట్లో వాళ్లు గాజుపలకలా ఉదయాన్ని నున్నగా చేసినా, నిద్ర మింగే బస్సు గుమ్మంలో ఉన్నంత కాలం ఆ నునుపు ఎంతసేపు? మహారాష్ట్రలో 2023 డిసెంబరులో అప్పటి గవర్నరు పిల్లల నిద్ర గురించి నోరు విప్పితే, 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వం నాలుగో తరగతి దాకా బళ్లు తొమ్మిదింటికి ముందు తెరవొద్దంది. బస్సులవాళ్లు గోల చేశారు, ఆఫీసులకి లేటవుతుందని కొందరు తల్లిదండ్రులూ గోల చేశారు. పిల్లలు మాత్రం ఏమీ అనలేదు, వాళ్లకి సంఘం లేదు. మన దగ్గర ఆ గోల చేయడానికైనా అలాంటి జీవో ఒకటి రావాలి కదా. పేరెంట్స్ మీటింగుల్లో మనం అబాకస్ ఎప్పుడు మొదలెడతారంటాం, ఒలింపియాడ్‌కి ఏ పుస్తకం అంటాం, ఐఐటీ ఫౌండేషను మూడో తరగతి నుంచేనా ఇంకా ముందా అంటాం. చిన్నపిల్లల్ని రెండో ట్రిప్పులో, పెద్దపిల్లల్ని మొదటి ట్రిప్పులో తేవచ్చు కదా అని అడగం. కొత్త బస్సు అక్కర్లేదు, కాగితం మీద రెండు గీతలు అటూ ఇటూ మార్చాలి, అంతే.

అడిగే మొనగాడు ఎక్కడో ఒకడు ఉంటాడు. లేచి నిలబడి, గొంతు సవరించుకుని, ట్రిప్పులు తిరగేయమని అడిగాడనుకోండి. ప్రిన్సిపాల్ మేడమ్ చిరునవ్వు నవ్వుతుంది. "మీ ఇబ్బంది మాకు పూర్తిగా అర్థమైంది సార్. అందుకే 'హ్యాపీ మార్నింగ్స్' అని ఒక వర్క్‌షాపు పెడుతున్నాం. పెద్ద కోచ్ గారు వస్తున్నారు. ఈ ఆదివారమే. మదర్స్ తప్పనిసరిగా, పిల్లల్ని కూడా తీసుకుని రావాలి. ఫాదర్స్ వీలుంటేనే. మీకు శ్రమ లేకుండా బస్సు కూడా పంపిస్తున్నాం. మీ కాలనీ మొదటి ట్రిప్పు సార్, ఆరున్నరకల్లా రెడీగా ఉండండి."